వెనక మెట్ల దారి

నిచ్చెన మీద నిలబడి అగాఫ్యా పటాల దుమ్ము తుడుస్తోంది. ఈ విశ్వవిద్యాలయంలో చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్ల బొమ్మలు నడవా పొడవునా వేలాడుతున్నాయి. వాటిని తుడవడం, కింది గదిలో అందరి కోట్లూ భద్రంగా చూడడం ఆమె పని. యుద్ధంలో భర్త పోయాక మిగిలిన బతుకంతా అదే. చన్నీళ్లకు వేళ్ల కణుపులు ఉబ్బి వంకరపోయాయి.

"ముసలమ్మా, ఆ చివరిది దించు," అన్నాడు భవనం అజమాయిషీ చూసే జబెలిన్.

"లాదీగిన్ గారిదా? ఆయన పైన పాఠం చెబుతున్నారు కదయ్యా!"

"చెప్పనీ. గంట కొట్టేలోగా దించాలి. పొద్దున పత్రికలో ఆయన్ని దేశద్రోహి అని రాశారు, చూడలేదా?"

"నాకు చదువే వస్తే ఈ నిచ్చెనెందుకు ఎక్కుతాను?"

జబెలిన్ నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా కొంప ముంచకు."

దించింది. గోడ మీద అక్కడొక్కచోటే తెల్లగా మిగిలింది. యుద్ధంలో శత్రువులు ఈ నగరాన్ని ముట్టడించిన చలికాలంలో ఆకలికి ఆమె లేవలేక పడి ఉంటే, తన రొట్టెలో సగం నీళ్లలో నానబెట్టి నోట్లో పెట్టింది ఆ లాదీగినే. ఆ మాట ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

పాఠం కాగానే ఆయన ఈ నడవాలోంచే రావాలి. అందరి ఎదుటా ఆ ఖాళీ గోడ చూడాలి. అగాఫ్యా కిందికి పరుగెత్తి, ఆయన కోటు గుండెకు హత్తుకుని, వెనక మెట్లెక్కి పాఠం జరిగే గది తలుపు దగ్గర నిలబడింది.

గంట మోగింది. విద్యార్థులు ఆయన్ని తప్పించుకుని గోడ వారగా వెళ్లిపోయారు.

"ఇటు రండి బాబూ. నడవా కడిగాను, జారుతుంది."

లాదీగిన్ ఆమె చేతుల్లోని కోటు వంక చూశాడు. "దించేశారా, అగాఫ్యా సిలాంత్యెవ్నా?"

"నేనే దించాను."

"మీరైతే నయం. ఇంకెవరైనా అయితే పగలగొట్టేవాళ్లు."

కోటు తొడుక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని ఇరుకు మెట్లు దిగాడు. వెనక గుమ్మంలోనూ ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకడు ఆయన పేరు అడిగాడు. ఆయన కోటు పై గుండీ పెట్టుకున్నాడు.

"లోపలికి వెళ్లండమ్మా, చలి," అని ఆమెతో చెప్పి వాళ్ల కారెక్కాడు.

సాయంత్రానికి కోట్ల గది ఖాళీ అయింది. లాదీగిన్ కోటు తగిలించిన కొక్కెం కింద మాత్రం, మంచులో బూట్ల మీద తొడుక్కునే రబ్బరు తొడుగుల జత, తన చుట్టూ కరిగిన నీళ్లలో అలాగే ఉంది.