వెనక్కి జరగని సీటు

వీధిలో అందరూ ఆ కార్ల మెకానిక్కుని చాదస్తం మేస్త్రి అంటారు. ఎంత చిన్న రిపేరైనా సరే, పని అయ్యాక తానే ఎక్కి కూర్చుని, బ్రేకు నాలుగుసార్లు తొక్కి, సందు చివరిదాకా తిప్పి చూస్తే గానీ బండి ఇవ్వడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. సీటు పూర్తిగా వెనక్కి జరిపితే తప్ప అతని మోకాళ్లు పట్టవు. అతని వియ్యంకుడేమో పొట్టి. బండి తీసుకున్న ప్రతిసారీ, "బావగారూ, మళ్లీ నా సీటును పక్క ఊరికి పంపించేశారు" అని సణుగుతూ ముందుకు లాక్కుంటాడు.

ఆ ఉదయం వియ్యంకుడు మనవరాలిని బడిలో దింపబోతూ గ్యారేజీకి వచ్చాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. మేస్త్రి కొత్తవి వేస్తున్నంతసేపూ ఇద్దరికీ కబుర్లే.

"కొత్త బండ్లన్నీ పైన పటారం, లోన లొటారం బావగారూ. స్టీరింగు పక్కన తెర ఆరిపోతే తలుపు కూడా తెరుచుకోదట."

"బండ్లదాకా ఎందుకండీ, మనుషులు మాత్రం? ఎవడి పని వాడు సరిగ్గా చేస్తున్నాడా?" అన్నాడు మేస్త్రి, చక్రం బిగిస్తూ.

"ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను! నన్నడిగితే అలాంటివాళ్ల లైసెన్సులు చింపి పారేయాలి."

"చింపడం కాదు, లోపలెయ్యాలి!"

ఇలా లోకాన్ని బాగుచేస్తూనే మేస్త్రి జాకీ దించాడు. బడికి వేళవుతోందని వియ్యంకుడు పిల్లను వెనక ఎక్కించి, తాను ముందెక్కాడు. మాట తెగక, మేస్త్రి తన చేత్తోనే తలుపు వేసి సాగనంపాడు.

చేతులు కడుక్కుంటుంటే ఏదో వెలితిగా తోచింది. వియ్యంకుడు ఈసారి సణగలేదేం? సీటు గురించి ఒక్క మాటైనా అనలేదు.

సీటు వెనక్కి జరిగితే కదా సణగడానికి! తాను బండి ఎక్కనే లేదు. బ్రేకు తొక్కనే లేదు. ప్యాడ్లు మార్చాక మొదటిసారి తొక్కితే కాలు నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. నాలుగుసార్లు తొక్కాకే పట్టు చిక్కుతుంది. గ్యారేజీ నుంచి మూలదాకా బ్రేకుతో పని లేని దారి. మూల తిరిగితే బడిదాకా ఒకటే దిగుడు.

సబ్బు చేతులతోనే ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"గ్యారేజీ తాతా, తాత బండి నడుపుతున్నాడు. మాట్లాడకూడదంట."

"అమ్మలూ, పెట్టెయ్యకు! ఇప్పుడే బ్రేకు తొక్కమను. తొక్కుతూనే ఉండమను!"

పిల్ల ఆ మాట చెప్పింది. వియ్యంకుడి నవ్వు వినిపించింది. "మీ గ్యారేజీ తాత నాకు పరీక్ష పెడుతున్నాడే! నేను మాట మీద నిలబడే మనిషినని చెప్పి పెట్టెయ్."

ఫోను తెగింది.

మేస్త్రి పరుగెత్తాడు. చెప్పులెక్కడ ఊడాయో తెలియదు. కూతురికి ఏ ముఖం చూపించాలి అన్న ఒక్క ఆలోచనే గుండెల్లో కొట్టుకుంటోంది. మూల దగ్గరికొచ్చాక కిందికి చూడడానికి భయమేసి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు పిల్ల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపుకే అతని ప్రాణం లేచొచ్చింది.

దిగుడు మధ్యలో బండి గోడను గీరుకుంటూ పోయి, ఒక చక్రం గట్టెక్కి ఆగింది. పిల్లకు దెబ్బ తగల్లేదు. వియ్యంకుడు బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు వయసు మీద పడింది బావగారూ. బ్రేకనుకుని ఇంకేదో తొక్కినట్టున్నాను. మీ చేతి పనిలో తప్పుండదు. ఇక ఈ జన్మకి స్టీరింగు పట్టుకోను."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"మీరు బ్రేకే తొక్కారు" అన్నాడు మేస్త్రి చివరికి. "నేనే తొక్కి చూడకుండా ఇచ్చేశాను."

వియ్యంకుడు తాళం బానెట్ మీద పెట్టి, పిల్లను ఎత్తుకుని నడిచి వెళ్లిపోయాడు. అది తాత భుజం మీంచి చెయ్యి ఊపింది. మేస్త్రికి తిరిగి ఊపడానికి చెయ్యి లేవలేదు.

తాళం తీసుకుని బండెక్కాడు. మోకాళ్లు వెళ్లి స్టీరింగుకు కొట్టుకున్నాయి.