లాలాజీ ముక్కుకు పరీక్ష

మా ఆయన కుంజ్‌బిహారీ లాల్ ముక్కంటే కన్నౌజ్‌లో ఒక పెద్దమనిషితో సమానం. వీధిలో ముందు దానికి దణ్ణం పెట్టి, తరువాత మనిషిని పలకరిస్తారు. అత్తరు బట్టీ దించాలా, ఇంకో గంట మండించాలా అన్నది ఆ ముక్కే చెప్పాలి. పెళ్లయిన నలభై ఏళ్లలో కార్ఖానా గడప నేను తొక్కింది చాలా తక్కువ. "ఆడవాళ్ల ముక్కు పోపు దగ్గరే అరిగిపోతుంది" అనేవారు. ఆ మాట అన్న రోజు పప్పులో ఇంగువ రెట్టింపు వేసేదాన్ని.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట భోజనానికొస్తూ దూది చుట్టిన పుల్ల ఒకటి నా ముక్కు కింద పెట్టారు.

"ఇన్నేళ్లు అత్తరువాళ్ల ఇంట్లో ఉన్నావు. ఏమైనా అబ్బిందో లేదో చూద్దాం, చెప్పు."

"గులాబీ. కాస్త మాడింది."

"ఊఁ, ఫరవాలేదు" అని మార్కులేసే మాస్టారిలా తలూపి, అన్నం ముట్టకుండానే వెనక్కి వెళ్లిపోయారు. కాసేపటికి, మంట తగ్గించమని పనివాళ్ల మీద కేకలు వేయడం గోడ అవతల నుంచి వినబడింది.

ఆ తరువాత రోజూ ఇదే పరీక్ష. ముసలితనంలో మొగుడికి నా విలువ తెలిసిందని నేను తెగ సంబరపడ్డాను. ఒకరోజు ఆయన చీటీ ఊడిన సీసాలోంచి మొగలిపువ్వు అత్తరు తెస్తే, ఏడిపిద్దామని "వట్టివేళ్లు" అన్నాను. ఆ రెంటికీ తేడా పాలుతాగే పిల్లకైనా తెలుస్తుంది. ఆయన మాత్రం "సరిగ్గా చెప్పావు" అన్నారు. మర్నాడు పొయ్యిమీద పాలు పొంగి మాడిపోతుంటే, అక్కడే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకున్నారు. కన్నౌజ్ మొత్తం దణ్ణం పెట్టే ముక్కు ఎప్పుడో పనిచేయడం మానేసిందని నాకు అప్పుడర్థమైంది.

ఆ రోజే అడగాల్సింది. నేను అడగలేదు. నా మాట మీద బట్టీలు మండుతున్నాయి, ఆరుతున్నాయి. ముంబై నుంచి వచ్చిన సేఠ్ "లాలాజీ, ఈ ఏడు మీ వట్టివేళ్ల అత్తరుకు తిరుగులేదు" అంటుంటే తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. అంత సుఖాన్ని ఎవరు వదులుకుంటారు?

పైగా కావాలని జవాబు ఆలస్యం చేసేదాన్ని. దాంతో ఆయన నా ముఖం చదవడం నేర్చుకున్నారు. గులాబీకి నా కళ్లు సగం మూతపడతాయి. కర్పూరానికి కనుబొమలు లేస్తాయి. లవంగానికి పెదవి బిగుస్తుంది. నేను నోరు తెరవకముందే "కర్పూరం, అంతేగా?" అనేసేవారు.

పోయిన చలికాలం ఆయన కుడి బొటనవేలు దానంతటదే వణకడం మొదలెట్టింది. సీసాల మీద రాసే అక్షరాలు చీమలంత అయిపోయాయి. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. డాక్టరంటే ఆయన కదలరని, తలనొప్పి నాకేనని చెప్పి కాన్పూర్ తీసుకెళ్లాను.

డాక్టర్ నిగమ్ నా తల వైపు చూడనైనా చూడకుండా ఆయన్ని నడిపించింది, చేతులు తిప్పించింది.

"ఈ వణుకు వయసుతో వచ్చేదీ కావచ్చు, మెదడు జబ్బూ కావచ్చు లాలాజీ. వాసన పరీక్ష చేస్తే కొంత తేలుతుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "వాసన పరీక్షా? నాకా? అలాగే కానివ్వండమ్మా. మా ఆవిడ మాత్రం ఎదురుగా ఉండాలి. ఆసుపత్రంటే ఆవిడకు భయం."

భయం ఎవరికో నాకు తెలుసు. ఆ ఇరుకు గదిలో డాక్టరమ్మ ఒక్కో సీసా మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెడుతోంది. ఆయన చూపు నా ముఖం మీదే ఉంది.

"కర్పూరం... లవంగం... నారింజ తొక్క."

మూడూ సరైనవే. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. "ముక్కు భేషుగ్గా ఉంది. అయితే ఆ జబ్బు కాకపోవచ్చు. ఇంకొక్కటి చూసి పంపించేస్తాను."

నాలుగో సీసాలో వెల్లుల్లి. గదంతా గుప్పుమంది. నా ముఖం నిజం చెబితే ఆయన పరువు నిలుస్తుంది, జబ్బు మాత్రం మందులేకుండా మా వెంటే ఇంటికొస్తుంది. కళ్లు సగం మూసి, హాయిగా ఊపిరి పీల్చాను.

"గులాబీ" అన్నారాయన, మీసం దువ్వుకుంటూ. "తెల్లారేలోపు కోసిన పువ్వు. ఏ తోటదో కూడా చెప్పమంటారా?"

డాక్టరమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

నేను బయటికొచ్చాక ఆయన తొమ్మిది సీసాల్లో ఒక్కటీ చెప్పలేకపోయారు.

తరువాత డాక్టరమ్మ ఆ నాలుగోది వెల్లుల్లని బయటపెట్టి, ఇద్దరికీ విడమరచి చెప్పింది. ముక్కు వాసనను లోపలికి పంపుతుందంతే, అది ఫలానాదని పోల్చుకునేది మెదడు. కణత లోపలి వైపు అందుకు చిన్న చోటుంది. పార్కిన్సన్ జబ్బులో ఆ దారి చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే మూగబోతుంది. వణుకుకు మందులున్నాయి. వాసన తిరిగిరావడం మాత్రం కష్టం.

బస్సు బిల్హౌర్ దాటాక ఆయన నా వైపు తిరిగారు.

"వెల్లుల్లికి ఆ ముఖం ఎందుకు పెట్టావు?"

"నా ముఖం చూసి చెప్పమని డాక్టరమ్మ అడిగిందా?"

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొగలిపువ్వును వట్టివేళ్లని ఒప్పుకున్నారు చూడండి, ఆ రోజు నుంచి. నవ్వుకుంటూ కూర్చున్నాను. అప్పుడే చెప్పాల్సింది, తప్పు నాదే."

ఆయన కిటికీ రెక్క మూసి నా వైపు జరిగారు.

"ముంబై సేఠ్ మెచ్చుకున్న ఆ అత్తరు... అది నీదేనా?"

"నాదే."

"ఘాటు కాస్త ఎక్కువైంది."

"మీకెలా తెలిసింది?"

నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగింది. "కార్ఖానాలో నిలబడితే వేడి తగులుతుంది, రాగి కుండలు కనబడతాయి. అంతే. ఇంకేమీ ఉండదు. అది ఎవరితో చెప్పుకోను?" నాకు ఏడుపొచ్చింది. వణుకుతున్న ఆ బొటనవేలిని నా గుప్పిట్లో పెట్టుకున్నాను.

కన్నౌజ్‌లో దిగుతూ అన్నారు: "రేపు పొద్దున్నే తయారవ్వు, కార్ఖానాకి."

"పనివాళ్లేమనుకుంటారు?"

"లాలాజీ ముక్కు పోయిందనుకుంటారు. పోయిందిగా." రెండడుగులు వేసి ఆగారు. "నాకెదురుగా మాత్రం కూర్చోకు. నా గద్దె మీద కూర్చో. ముఖంతో కాదు, నోటితో చెప్పు."