నవీన చదువుకు దిగిన ఇల్లు

పొద్దుగాల లేవంగనే రాంచందర్ చేసే మొదటి పని తలకాయ కాపాడుకునుడు. మంచంల కూసుండి దూలాన్ని చూస్తడు, వంగి లేస్తడు, దర్వాజ కాడ ఇంకింత వంగుతడు, వాకిట్లకు వచ్చినంక నడుము పట్టుకొని నిటారుగ నిలబడుతడు. అప్పటికే అవ్వ దేవవ్వ బీడీల చాట ముందటేసుకొని కూసుంటది. కొడుకు నుదుటి మీద కొత్త బొప్పి కనవడితే, "ఇయ్యాల గూడ కొట్టుకున్నవా? నీ తలకాయకు తెలివి ఎప్పుడొస్తది రా?" అని నవ్వుతది. చాయ్ తాగి, సైకిలెక్కి ఆయన సాంచెల షెడ్డుకు పోతడు. కరెంటు మగ్గాన్ని సిరిసిల్లల సాంచె అంటరు. అది నడుపుడే ఆయన పని.

ఇల్లు బ్యాంకుల కుదువ పెడితే ఏమైతదో ఆ ఊర్ల అందరికి ఎరికే. బ్యాంకోళ్లు పైసలు పంపినప్పుడల్ల పైకప్పు జానెడు దిగుతది. గోడలు, దర్వాజ, కిటికీ, అన్నీ దాని లెక్కకే కురచైతయి. అప్పు కట్టినకొద్ది మళ్ల లేస్తది. దానికి ఎవ్వలు పరేషాన్ గారు. చుట్టాలొస్తే "జర తల పైలం" అని ముందుగల్ల చెప్తరు, అంతే.

రాంచందర్ ఇల్లు దిగింది పెండ్లాం చదువుకు. నవీన కరీంనగర్ల ఒక దవఖానల నర్సు. డ్యూటీలు చేసుకుంటనే ఇంగ్లీషు పరీక్ష రాసి, ఐర్లాండ్ల పెద్ద చదువుకు సీటు తెచ్చుకున్నది. ఆ కబురు ఇన్ననాడు రాంచందర్ ముందు భయపడ్డడు, తర్వాత మస్తు గర్వపడ్డడు, ఆ తర్వాత ఇంటి కాయిదాలు సంకల పెట్టుకొని బ్యాంకుకు పోయిండు.

"మొగోళ్లు దుబాయ్ పోతే పెండ్లాలు ఇంటికాడ ఉంటరు. ఇదేం ఉల్టా రా?" అని పక్కింటి రాయమల్లు కాక ఎక్కిరిచ్చిండు.

"అవును కాకా, ఉల్టానే. నీకేమన్న తక్లీఫా?" అన్నడు రాంచందర్. కాక మళ్ల ఆ మాట ఎత్తలే.

మొదటి ఫీజుకు ఇల్లు జానెడు దిగింది, నవీన ఇమానమెక్కి పోయింది. రెండో ఫీజుకు ఇంకో జానెడు. ఇగ ఆఖరు ఫీజు మిగిలింది. నెలాఖరుకు అది కట్టకుంటే కాలేజీల పేరు తీసేస్తరు, వీసా పోతది, నవీన సగం చదువుతోని, నెత్తి నిండ అప్పుతోని వాపస్ రావాలె.

బ్యాంకు మేనేజరు ఓంప్రకాశ్ సారు మంచోడే గని రూలు రూలే అంటడు. "ఆఖరు పైసలు పంపే ముందు ఇల్లు చూడాలె. లోపట మనిషి నిటారుగ నిలబడాలె. నిలబడకుంటే అది ఇల్లు కిందికి రాదు, లోను ఆగిపోతది. శుక్రారం కొలతల సారొస్తడు" అని తేల్చి చెప్పిండు.

రాంచందర్ ఇంటి దిక్కు సైకిల్ తొక్కుకుంట అదే సోంచాయించిండు. తనకే మెడ తిప్పే జాగ లేని ఇంట్ల కొలతల సారు నిలబడుడు ఎక్కడిది?

ఆ సాయంత్రం నవీన ఫోన్ల కనవడ్డది. "ఏమయ్యా, ఎందుకట్ల వంగి కూసున్నవ్?"

"బీడీ ఆకు ఏరుతున్న."

"అబద్ధాలు చెప్పకు. ఇల్లు ఎంత దిగిందో నాకు తెల్వదా? చాలు, నేనొచ్చేస్త. మళ్ల దవఖానల్నే చేరుత."

రాంచందర్‌కు కోపమొచ్చింది. "వచ్చుడు గిచ్చుడు లేదు. నువ్వు నడుమంతరంల వస్తే ఇల్లు ఇంత దిగుడు ఎందుకు దిగినట్టు? నువ్వు పరీక్షలు చూసుకో. ఇంటి సంగతి నేను చూసుకుంట."

ఫోన్ పెట్టేసినంక ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏం చూసుకుంటడో ఆయనకే తెల్వదు.

తెల్లారి పనికి పోలే. మెకానిక్ రాములును బతిమిలాడి లారీ జాకీ తెచ్చిండు. దూలం కింద మొద్దు పెట్టి, మొద్దు కింద జాకీ పెట్టిండు. "దిగిన కప్పును లేపినోడు ఇంతదాక పుట్టలే" అని రాయమల్లు కాక వాకిట్ల నుంచి చెప్తనే ఉన్నడు. రాంచందర్ ఇనలే. తిప్పిండు. కప్పు ఇసుమంత గూడ కదలలే. పండ్లు కొరికి ఇంకా తిప్పిండు. ఫట్టుమని నేల మీది షాబాద్ బండ పలిగి, జాకీ భూమిలకు దిగవడ్డది.

"అవ్వా! ఇల్లు కూలుతుందే!" అని బయటికి ఉరికిండు.

దేవవ్వ చాట పక్కకు పెట్టి, లోపలికి తొంగి చూసి, పక్కున నవ్వింది. "కూలుడేంది రా! అది మీ బాపు మగ్గం గుంట. సాంచెలొచ్చినంక మన్ను పోసి పూడ్చి, మీద బండలు వేసినం గద. పోసిన మన్ను గట్టిగెట్లుంటది?"

రాంచందర్‌కు యాదికొచ్చింది. చేనేత మగ్గానికి నేలల గుంట ఉండేది. బాపు అండ్ల కాళ్లు పెట్టి కూసుండి, తొక్కుకుంట నేసేటోడు. రాంచందర్ చాలసేపు పలిగిన బండనే చూసిండు. కప్పు లేవకుంటే లేవకపాయె. నేల దిగుతది గద!

"అవ్వా, గడ్డపార ఏడున్నది?"

ఇగ చూడాలె ఆ తవ్వుడు! ఎదురింటి లింగవ్వ తట్ట పట్టుకొని వచ్చింది. రాములు జాకీ కోసమని వచ్చి పార అందుకున్నడు. చెప్పి చెప్పి నోరు నొచ్చిన రాయమల్లు కాక అంగీ ఇప్పి గుంటల దిగిండు. గోడల పునాది కదలకుండ చుట్టు అరుగు లెక్క ఇడిసిపెట్టి, గుంటను అటిటు వెడల్పు చేసి నడుమ నేలంత తవ్విన్రు. దిగనీకి మెట్లు చెక్కిన్రు. మన్నుల నుంచి పాత నూలు పోగులు వస్తే దేవవ్వ ఒక్కొక్కటి ఏరి కొంగున ముడేసుకున్నది. మన్ను మోసి మోసి అందరి నడుములు పోయినయి, అయినా ఒక్కలు గూడ ఇంటికి పోత అనలే.

శుక్రారం కొలతల సారు కుమార్ వచ్చిండు. వయసు పిల్లగాడే, గని మెడ జర వంగి ఉన్నది. దర్వాజల వంగి వచ్చి, మెట్ల మీది నుంచి గుంటలకు దిగి, అలవాటుగ చెయ్యి తల మీద పెట్టుకొని మెల్లగ లేచిండు. చెయ్యికి దూలం తాకలే.

"బాగనే ఉన్నది గని, ఇది గుంట గదనే అవ్వా" అన్నడు. "గుంటను ఇంటి లెక్కల ఎట్ల వేస్త? రేపు మీదోళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

రాంచందర్ అవ్వ దిక్కు చూసిండు.

దేవవ్వనే జవాబిచ్చింది. "ఈ జాగల మేం ముందుగాల గుంటనే తవ్వినం బిడ్డా. పందిరి ఏసుకొని అండ్లనే నేసినం. నేసిన కూలితోని చుట్టు గోడలు తర్వాత లేపినం. నువ్వు నిలబడ్డదే మా ఇంటి అసలు నేల. బండలు వేసుకొని నడుమ మేమే మీదికొచ్చినం."

కుమార్ కిందికి చూసిండు, మీదికి చూసిండు. టేపు తీసి గుంట అడుగు నుంచి దూలం దాక పట్టిండు. "మనిషి నిటారుగ నిలబడుతుండు" అని బయటికే అనుకుంట రాసుకున్నడు. రాసుడు అయినంక గూడ మెట్లెక్కలే. మెడ అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"మా చెల్లె లండన్ల చదువుతుందన్నా. మా ఇల్లు గూడ మస్తు దిగింది" అన్నడు మెల్లగ. "తవ్వుతుంటే నీళ్లు పడలేదా?"

"పడలే తమ్మీ. కబురు చెయ్యి, మేం గూడ వస్తం తవ్వనీకి" అన్నడు రాంచందర్.

సోమారం బ్యాంకోళ్లు పైసలు పంపిన్రు. కప్పు మీది గూనపెంకలు గలగలమన్నయి, కప్పు ఇంకో జానెడు దిగింది. గుంటల నిలబడ్డ రాంచందర్ నెత్తి దూలానికి ఆనింది. అప్పుడే ఫోన్ మోగింది. నవీన ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలుస్తలేదు.

"ఫీజు ముట్టిందటయ్యా! ఇగ చదువు ఆగది. ఇల్లు ఎంత దిగింది? నీకు నిలబడనీకి జాగున్నదా?"

"ఫికర్ చెయ్యకు. నువ్వు మంచిగ చదువుకో" అన్నడు రాంచందర్. "కిందికి జాగ మస్తున్నది."

ఫోన్ అవ్వ చేతిల పెట్టి, గడ్డపార అందుకున్నడు.