తనిఖీకి వస్తున్నారని

టీకాల కార్యక్రమం ఎలా నడుస్తోందో చూడడానికి పైనుంచి ఒకాయన వస్తున్నారని ముందురోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి నేను కాలు కాలిన పిల్లినే. కేంద్రం కేంద్రానికీ తిరిగి, అన్నీ పరీక్షించి, మార్కులు వేసిపోవడం ఆయన పని. మా ఆరోగ్య కేంద్రానికంతటికీ ఉన్న ఒక్క నర్సునీ నేనే. నాది కాంట్రాక్టు ఉద్యోగం. మార్కులు బాగుంటేనే ఇంకో ఏడాది పొడిగిస్తారు. పక్క కేంద్రంలో ఫ్రిజ్ వేడెక్కిందని రాసి వెళ్ళారు, అక్కడి నర్సు ఇప్పుడు ఇంట్లో కూర్చుంది.

అందుకని మా నర్సులందరి భయమూ వేడి గురించే. ఆయన ఫ్రిజ్ తలుపు తీసి తీరిగ్గా చూస్తూ నిలబడితే లోపలి చల్లదనమంతా బయటికి పోదా? థర్మామీటరు ముల్లు సరిగ్గా అప్పుడే పైకి లేవదా? ఈ పురుగు బుర్రలో దూరాక ఊరుకోలేకపోయాను. ఇంటికి వెళ్ళబోతూ, చల్లదనం పెరగాలని ఫ్రిజ్ నాబ్‌ని చివరికంటా తిప్పేశాను. పొద్దున రాగానే మళ్ళీ వెనక్కి తిప్పుదామనుకున్నాను. గడ్డకడితే ఈ మందు పనికిరాదని శిక్షణలో నాకూ చెప్పారు. తెలియక చేసింది కాదు, భయంతో చేసింది.

పొద్దున నాబ్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ రోజుకి కావలసిన సీసాలు తీసి బల్లమీది డబ్బాలో పెట్టేసి, బూజు దులపడం మొదలుపెట్టాను. కిటికీ అద్దాలు తుడిచాను, చిరిగిన పోస్టరు మీద కొత్తది అంటించాను. వియ్యంకుడు వస్తున్నాడన్నా ఇంత హడావుడి పడనేమో. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేసరికి సీసాల్లో మందు మామూలుగానే కదులుతోంది. ఒకరి తర్వాత ఒకరికి సూదులు వేసుకుంటూ పోయాను.

ఆఖరున మా ఆడపడుచు వచ్చింది. పెద్దపిల్లకి సూది వేయించిన రోజు ఒళ్ళు పేలిపోయేంత జ్వరం వచ్చిందని, బాబుకి మాత్రం చచ్చినా వేయించనని ఇన్నాళ్ళూ భీష్మించుకు కూర్చున్న మనిషి. బతిమాలాను, బుజ్జగించాను, ఒకసారి దెబ్బలాడి మాటలు కూడా మానేశాం. వాళ్ళ వీధిలో ఒక పసివాడు కోరింత దగ్గుతో ఆస్పత్రి పాలయ్యాక కాస్త మెత్తబడింది.

"నీ మొహం చూసి తెచ్చాను వదినా. ఇంకెవరైనా అయితే గుమ్మం తొక్కేదాన్ని కాదు," అంది.

"మొదటి సూది పడిపోతే సగం దిగులు తీరినట్టేలే," అన్నాను. బాబు ఒక్క కేక పెట్టి ఊరుకున్నాడు. వాడి తొడ మీద దూది పెట్టి చిన్న పట్టీ అంటించాను.

వాళ్ళు వెళ్ళాక, సగం వాడిన సీసాని లోపల పెడదామని ఫ్రిజ్ తెరిచాను. వెనకగోడ నిండా మంచు. మూలనున్న సీసా గడ్డకట్టుకుపోయి ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా నాబ్ వెనక్కి తిప్పాను, మంచు గీకి పారేశాను. పొద్దున డబ్బాలోకి తీసినవీ ఇలాగే గడ్డకట్టి, నేను బూజు దులుపుతున్నంతసేపట్లో కరిగి ఉంటాయా? చూసిందెవరు? నేను కిటికీలు చూసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వచ్చారు. గొంతు పెంచని మనిషి, అందుకే నాకు మరీ భయమేసింది. థర్మామీటరు ముల్లు అప్పటికి ఉండాల్సిన చోటికి బుద్ధిగా వచ్చి కూర్చుంది. ఆయన వంగి చూసి తల ఊపారు.

"గడ్డకడితే చూపించే మీటరు ఉండాలే, ఏదీ?"

"పాడైంది సార్. కొత్తది పంపిస్తామన్నారు."

"అన్నిచోట్లా ఇదే మాట," అని నిట్టూర్చి రాసుకున్నారు. "మిగతాదంతా బాగుంది సిస్టర్. నేను తిరిగినవాటిలో మీదే శుభ్రంగా ఉంది."

సంచీ సర్దుకుని లేచారు. ఆయన ఆ గుమ్మం దాటితే చాలు, ఇంకో ఏడాది నాకు ఢోకా లేదు. ఎవరికీ ఏమీ తెలియదు. బాబుకి రక్షణ ఉందని మా ఆడపడుచు గుండెమీద చెయ్యేసుకుని పడుకుంటుంది. ఆ వీధిలో దగ్గు తిరుగుతూనే ఉంటుంది.

"సార్, ఒక్క సీసా చూసి వెళ్తారా?"

మాట బయటికి వచ్చాక గానీ నేనే అన్నానని నాకు తెలియలేదు. మూలనున్న సీసాని తీసి చూపించాను. ఆయన మొహం మారింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కరగనిచ్చారు. పొద్దున నేను వాడిన సీసాని రెండో చేతిలోకి తీసుకుని, రెండింటినీ ఒకేసారి కుదిపి, బల్లమీద పక్కపక్కనే నిలబెట్టారు. మంచి మందైతే చాలాసేపు తెల్లగా అలాగే ఉంటుంది. గడ్డకట్టి కరిగిందైతే తెల్లదనమంతా త్వరగా అడుక్కి దిగిపోతుంది. ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం. నా సీసా దిగకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. మొదటిది దిగింది. దాంతోపాటే నాదీ దిగింది.

"ఎలా జరిగింది?"

"నిన్న సాయంత్రం నాబ్ తిప్పాను సార్. మీరొస్తున్నారని."

ఆయన సంచీ కింద పెట్టి మళ్ళీ కూర్చున్నారు. "నేను రాకపోయుంటే ఆ పిల్లలకి మంచి మందు పడేదన్నమాట," అన్నారు, నాతో కాదు, ఆ సీసాలతో. తర్వాత నావైపు తిరిగి, "ఫ్రిజ్‌లో ఉన్నవాటిని ముట్టుకోకండి. కొత్త మందు తెప్పిస్తాను. ఇవాళ వేసినవాళ్ళందరికీ మళ్ళీ వేయాలి. ఇంటింటికీ వెళ్ళి చెప్పిరండి. మీరే చెప్పాలి," అన్నారు. మార్కుల గురించి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

బయల్దేరాను. ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. ఇంకొకావిడ విని, సరేనని తలుపు వేసుకుంది, వస్తుందో రాదో తెలియదు. మా ఆడపడుచు ఇల్లు దారిలోనే ఉన్నా దాటుకుని పోయి, ఆఖరున వెనక్కి వచ్చాను.

నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. బాబుని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తొడ మీద పట్టీ ఇంకా అలాగే ఉంది.

"పట్టుకుని చూడు వదినా, ఒళ్ళు ఎంత చల్లగా ఉందో. జ్వరం లేదు, ఏడుపు లేదు. నువ్వు వేసిన మందు మహిమ. నేనే ఇన్నాళ్ళూ పిచ్చిదానిలా భయపడ్డాను. పక్కింటావిడకి కూడా చెప్పాను, వాళ్ళ పాపని తెస్తానంది."

జ్వరం రాకపోవడానికి కారణం ఏదో నాకు తెలియదు. మంచి మందు పడ్డా చాలామందికి రాదు. బాబు నా వేలు పట్టుకుని లాగుతున్నాడు.

"నీకో మాట చెప్పాలి. ఇలా కూర్చో," అన్నాను.

ఆమె నవ్వుతూనే వచ్చి నా పక్కన కూర్చుంది.