కోయని పేజీల పుస్తకం

టూరింగ్ టాకీసు కుర్చీల్లో నల్లులుంటాయి. ఈ సంగతి హుజూర్‌నగర్‌లో అందరికీ తెలుసు. కింద ఇసుకలో కూర్చునేవాళ్లు గొంగడి పరుచుకుని, కాళ్లు చాపుకుని, హాయిగా బొమ్మ చూసి ఇళ్లకు పోతారు. మర్యాదస్థులు మాత్రం ఎక్కువ ధర టికెట్టు కొని కుర్చీ ఎక్కి, ఇంటర్వెల్ దాకా బిగబట్టుకుని, దీపాలు వెలిగే లోపల ఒకరికి తెలియకుండా ఒకరు గోక్కుంటారు. కిందికి దిగి కూర్చుందామన్న ఆలోచన ఒక్కరికీ రాదు. వస్తే మర్యాద ఏం గాను?

తహసీలు కచేరీ గుమాస్తా ఐలేశం కూడా కుర్చీ మనిషే.

పోలీసు చర్య అయి ఏడాది కావస్తోంది. ఊరి చివర మిలిటరీ క్యాంపు పడింది. పల్లెల్లో కమ్యూనిస్టు సంఘం వాళ్ల కోసం గాలింపులు జరుగుతున్నాయి. జనానికి సవాలక్ష కష్టాలుంటే ఐలేశానికి ఉన్నది ఒకటే: ఇంగ్లీషు. నిన్నటిదాకా కచేరీ పనంతా ఉర్దూలో నడిచింది. అతని ఉర్దూ దస్తూరి చూసి పెద్దపెద్దవాళ్లు ముచ్చటపడేవారు. ఇప్పుడు గుంటూరు వైపు నుంచి కొత్త తహసీల్దారు దిగాడు. తహసీల్దారు దగ్గర కాగితాలు చూసే పేష్కారు కొలువు ఖాళీగా ఉంది, అది ఇంగ్లీషు వచ్చినవాడికే ఇస్తానన్నాడు.

ఆ వారమే ఐలేశం హైదరాబాదు పోయి, పాత పుస్తకాల బండి మీద ఇటుకంత ఇంగ్లీషు నవల కొనుక్కొచ్చాడు. నూరేండ్ల కింద ఒక ఇంగ్లీషాయన రాసినదట. పెద్దింటివాళ్ల డాబునీ, పెద్దిల్లు అనిపించుకోవాలని ఆరాటపడేవాళ్లనీ ఎగతాళి చేస్తూ రాశాడట. ఇదంతా అమ్మినవాడు చెప్పిన మాట. పాతకాలం కుట్టు గనక పేజీల అంచులు ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. చదివేవాడు చాకుతో కోసుకుంటూ ముందుకు పోవాలి. ఐలేశం మొదటి అధ్యాయం దాకా కోశాడు. తర్వాత ఆ చాకు ఇంట్లో బెండకాయలకు కావలసివచ్చింది.

అయినా పుస్తకం చంక దిగలేదు. కచేరీకి, అంగడికి, చివరికి చెంబు పట్టుకుని వాగు దిక్కుకు పోయినా అది వెంటే. ఒకరోజు తహసీల్దారు దాన్ని చూసి, కాలేజీలో తానూ దాన్ని చదివానని, మళ్లీ చదవాలని ఉందని అన్నాడు. చదవాలని ఉందన్నాడు గానీ, ఇమ్మని మాత్రం అడగలేదు.

కథ ఇక్కడే ఆగిపోతే ఐలేశం పేష్కారు అయ్యేవాడు. కానీ ఆ చచ్చిపోయిన ఇంగ్లీషాయన ఊరుకునే రకం కాదు. ఆయన నవలను ఇంగ్లీషు సీమలో ఎవరో సినిమాగా తీశారు. టాకీసు నడిపే భిక్షం, క్యాంపు ఆఫీసర్లు అడిగారని ఆ బొమ్మే తెప్పించాడు. తీరా రీళ్ల పెట్టె దిగేసరికి ఆఫీసర్లు సంఘం వాళ్లను వెతుక్కుంటూ అడవుల్లోకి పోయారు. పెట్టె, భిక్షం మిగిలారు.

ఇంగ్లీషు బొమ్మ పడితే తెర పక్కన ఒక మనిషి నిలబడి తగరపు బాకాలోంచి తెలుగులో కథ చెప్పడం టాకీసు ఆనవాయితీ. మామూలుగా భిక్షమే చెప్పేవాడు. కత్తియుద్ధాల బొమ్మలకు 'కొట్టిండు, పడ్డడు' అంటే సరిపోయేది. ఇందులో ఎవరూ కొట్టరు, ఎవరూ పడరు. చాయ్ తాగుతూ కూర్చుని మాట్లాడుకుంటారు. భిక్షం పోయి తహసీల్దారుతో మొరపెట్టుకున్నాడు. తహసీల్దారు ఐలేశం చంక వైపు చూపించాడు. తాను భార్యతో సహా వచ్చి ముందు వరుసలో కూర్చుంటానని, ఐలేశం ఇంగ్లీషు ఎంతో అక్కడే తేలిపోతుందని అన్నాడు.

ఐలేశం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. భార్య ప్రమీలమ్మ సంగతంతా విని తేలిగ్గా తీసిపారేసింది.

"నీకు తెల్వదని వాళ్లకు తెల్వది గదా. మన వాడకట్టు ముచ్చట చెప్పు. డాబు యాడైన డాబే."

"తహసీల్దారుకు ఇంగ్లీషొస్తదే."

"గా బొమ్మ మిషన్ చప్పుడుల ఎవ్వరికేం ఇనపడ్తది? జర నోరు పెద్దగ జెయ్యి, చాలు."

ప్రమీలమ్మ చెప్పింది నిజమే. మిషను మొదలైందంటే టెంటులో ఇంగ్లీషే కాదు, పక్కవాడి తుమ్ము కూడా వినబడదు. ఆట మొదలై, తెర మీద ఈకల టోపీ పెట్టుకున్న దొరసాని ఏదో విందులోకి నడిచొచ్చింది. ఐలేశం కళ్లు మూసుకుని బాకా ఎత్తాడు.

"గీమె మెడల ఉన్న బంగారు నాను గీమెది గాదు. పక్కింటామెను అడుక్కొని తెచ్చుకున్నది. పక్కింటామె గూడ దావత్‌కొచ్చింది. నాను దిక్కే చూస్తాంది, ఎవ్వరికి చెప్పుకోలేక లోపల్లోపల సస్తాంది."

టెంటు పగిలేలా నవ్వారు. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లు కొందరు కొంగు మెడ చుట్టూ కప్పుకున్నారు. పల్లీలు అమ్మే సైదమ్మ ఇసుకలోంచి లేచి, "గుమాస్త సాబ్, గీమె మన ఊర్లెనే ఉంటదా?" అని అడిగింది. ప్రతివాళ్లూ తమ పక్కింటివాళ్ల గురించేనని నవ్వుకున్నారు గనక నవ్వుకు కొదవ లేకపోయింది.

దాంతో ఐలేశానికి హుషారొచ్చింది. తెర మీదికి పొట్టతో ఒక ఆఫీసరు వచ్చి పేపరు తెరిచాడు.

"గీ అఫ్సరు పొద్దుగాల్నే ఇంగ్లీషు పేపర్ పట్టుకుని వరండాల కూసుంటడు. బొమ్మలు చూసి మడతపెడ్తడు. ఎవరన్న వస్తాంటే మల్ల తెరుస్తడు."

అతను తన గురించే చెప్పుకున్నాడు, పుస్తకం బదులు పేపరు పెట్టాడంతే. కానీ హుజూర్‌నగర్‌కు వచ్చే ఇంగ్లీషు పేపరు ఒక్కటే, అది పోయేది తహసీల్దారు వరండాకే. ఇసుకలో ఉన్నవాళ్లంతా ఒకేసారి ముందు కుర్చీ వైపు తిరిగేదాకా ఐలేశానికి ఆ సంగతి తట్టలేదు. ఆ కుర్చీ పక్కన తహసీల్దారు భార్య మంజులత కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

మర్నాడు తహసీల్దారు పిలిపించాడు. బల్ల మీద పేష్కారు కొలువు ఉత్తర్వు ఉంది. పక్కనే మడతపెట్టిన పేపరు.

"ఏమయ్యా, ఆ పేపరు ఆఫీసరు పుస్తకంలో ఉన్నాడా, నువ్వు పెట్టావా?"

"పుస్తకంలనే ఉన్నడు సార్. తమరు కాలేజీల చదివిన్రు గదా, యాదికి లేదా?"

తహసీల్దారు కలం మూత తీశాడు.

"ఎందుకు లేదూ? అక్కడ నేను తెగ నవ్వుకున్నానయ్యా."

కలం ఉత్తర్వు దాకా వచ్చి ఆగింది. తన భార్య కాన్వెంటులో చదువుకుందని, ఆ ఆఫీసరు తన మొగుడేనని నిన్నటినుంచి వాదిస్తోందని ఆయన మెల్లగా చెప్పాడు. నూరేండ్ల కిందటి పుస్తకంలో ఉన్నాడని ఆమెకు చూపిస్తే ఇంట్లో పరువు నిలబడుతుందట. రేపు పుస్తకం తెచ్చి ఆ పేజీ ఆమె చేతిలో పెట్టాలి. సంతకం ఆ తర్వాతే.

ఇప్పుడు ఐలేశం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చాకు చేత పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. కోయకుండా తీసుకుపోతే, చదవలేదని కాన్వెంటు చదువు ఇట్టే పసిగడుతుంది. కోస్తే అంచులు తెల్లగా మెరిసి, కోసింది ఇవాళేనని చెప్పేస్తాయి. పోనీ కోశాడే అనుకుందాం, పేపరు ఆఫీసరును ఎక్కడినుంచి తేవాలి? పుస్తకం ఎలుకలు కొట్టాయని చెప్పమంటోంది ప్రమీలమ్మ. మొదటి అధ్యాయం వదిలి తక్కినదంతా తిన్న ఎలుకలను ఎవరు నమ్ముతారు? పైగా బెండకాయలు తరగాలి, చాకు ఇమ్మంటోంది.

అయ్యలారా, అమ్మలారా, మీ ఇళ్లలోనూ ఈ పుస్తకం ఉండే ఉంటుంది, వచ్చినవాళ్లకు కనబడేచోట. చివరిదాకా చదివినవాళ్లెవరైనా ఉంటే, పేపరు పట్టుకున్న పొట్ట ఆఫీసరు ఏ పేజీలో ఉన్నాడో దయచేసి చెప్పండి. చదవనివాళ్లు సలహా ఇవ్వొద్దని అందామనుకున్నాను గానీ, అప్పుడు చెప్పేవాళ్లే మిగలరేమో. కాబట్టి మీరూ చెప్పండి. కొయ్యమంటారా, వద్దంటారా?