తెల్ల అంచు

తెర మీది ఫోటోలో నాగేంద్రబాబు తల చుట్టూ, మెడ చుట్టూ తెల్లటి గీత వచ్చింది. సత్యదుర్గ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

అమలాపురంలోని ఆ స్టూడియోలో పోయినవాళ్ల ఫోటోలకి తల చుట్టూ తెల్లటి వెలుగు పెడతారు. బతికున్నవాళ్లకి పెట్టరు. ఆ వెలుగులు పెట్టే పని సత్యదుర్గదే. ఇప్పుడు ఎవరూ పెట్టకుండానే అది తన మొగుడి చుట్టూ వచ్చి కూర్చుంది.

నాగేంద్రబాబు కువైట్‌లో డ్రైవరు. పక్కనే ఇరాక్‌లో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అతను ఫోను చెయ్యలేదు. ఓడలరేవులో అత్తగారు చిన్నమ్మలు టీవీ ముందునుంచి లేవడం లేదు. "మనందరం ఒక్క ఫోటోలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటాదే" అందావిడ. అత్తాకోడళ్లు పిల్లాడితో దిగిన ఫోటో ఒకటుంది. అందులో అతన్ని కలపాలి. అతను పంపిన ఫోటోలోనేమో తెల్లగోడకి ఒరిగి ఉన్నాడు. కత్తిరించి, నిటారుగా తిప్పి వీళ్ల పక్కన నిలబెట్టాలి.

మళ్లీ కాస్త తిప్పింది. గీత ఇంకా లావెక్కింది.

"మాణిక్యాలరావుగారండీ, ఓసారి ఇలా రండి."

స్టూడియో యజమాని ఎవరిదో పెళ్లి ఫోటోలకి కెమెరా సర్దుకుంటూ తొంగి చూశాడు. "గోడ రంగు అంటుకునుంటాదమ్మా. నీ మొగుణ్ని నువ్వే తిప్పలేకపోతే ఇంకెవరు తిప్పుతారు?" నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సత్యదుర్గకి నవ్వు రాలేదు. గోడ రంగే అయితే తెలుపు ముందు దిగినవాళ్లని ఎవర్ని తిప్పినా రావాలి. రాకపోతే? ఎవర్ని తిప్పి చూడాలి? బాణం గుర్తు పిల్లాడి మీదికి వెళ్లింది. గబుక్కున వెనక్కి లాక్కుంది. తెల్లతెర ముందు దిగిన తన ఫోటో ఒకటి తెరిచి, కత్తిరించి, తిప్పి, కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి తన చుట్టూ కూడా గీత.

ఒళ్లు జల్లుమంది. ఆ వెనకే ఊపిరి ఆడింది. తనకీ వచ్చిందంటే అది రంగే. తిప్పినప్పుడల్లా కంప్యూటరు, బొమ్మ అంచు మీది చుక్కల్ని పక్కనున్న తెలుపుతో కలిపేస్తోంది. తనేమో కత్తిరించాక పదేపదే తిప్పింది. అలా కాదు. ముందు ఫోటో మొత్తాన్ని ఒక్కసారే తిప్పేసి, ఆ తర్వాత వెంట్రుకవాసి లోపలగా కత్తిరించాలి.

"ఏటే అది, నా కొడుకు తల చుట్టూ?"

చిన్నమ్మలు ఫోటో కోసం ఓడలరేవు నుంచి ఎప్పుడొచ్చిందో, కుర్చీ వెనకే నిలబడి ఉంది. పోయిన తన పెనిమిటి ఫోటోకి వెలుగు పెట్టించింది ఈ స్టూడియోలోనే.

"రంగండి అత్తమ్మా, అంతే. చూడండి, నాకూ వచ్చింది. నేను మీ ముందే ఉన్నాను కదండీ."

"నీక్కూడా పెట్టేసుకున్నావా, పిచ్చిదానా! తియ్యి, ముందు తియ్యి!"

సత్యదుర్గ తన ఫోటో మూసేసింది. మొగుడిది మొదట్నుంచీ చేసింది. ఈసారి అతను శుభ్రమైన మెడతో వాళ్ల పక్కన నిలబడ్డాడు. చిన్నమ్మలు తెరకి ముఖం ఆనించి వెతికింది.

"ఎక్కడికెళ్లిందే?"

"ఎక్కడికీ వెళ్లలేదండి. అసలు రాలేదండి."

"వచ్చింది. నేను చూశాను. అలాటిది ఊరికే పోదే, ఇంకోళ్ల మీద వాలుతాది. నాకు పెట్టు."

"అత్తమ్మా!"

"నువ్వు కావాలి, వాడు కావాలి, పిల్లాడు కావాలి. నాకు పెట్టాకే ప్రింటు తియ్యి."

ఎంత చెప్పినా ఆవిడ కుర్చీ వదల్లేదు. చివరికి సత్యదుర్గ అత్తగారి బొమ్మని కత్తిరించి, ఖాళీ తెల్ల పేజీ మీద ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్లీ ఫోటోలో అక్కడే పెట్టింది. నెరిసిన జుట్టు వెంట సన్నగా తెల్లటి గీత లేచింది. ప్రింటు చేతికి రాగానే చిన్నమ్మలు ఆ గీత వెంట వేలు పోనిచ్చింది.

"ఆయ్. ఇప్పుడు బాగుంది."

ఓడలరేవు బస్సులో ఆవిడ ఫోటో కవరు గుండెకి హత్తుకుని, కోడలి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రంగే, ఉత్త రంగే అని సత్యదుర్గ తనలో తను అనుకుంటూనే ఉంది. అయినా బస్సు ఆగిన ప్రతిచోటా అత్తగారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.