మూడు గంటలు నమిలే ముక్క

తొట్టి పగలగొట్టడానికి జేసీబీ పది గంటలకు వస్తుందని తెలిసి, ఫిలోమినా పొద్దున్నే సర్పంచి పుల్లయ్య ఇంటికి వెళ్ళింది. ఫిలోమినా మామ ఊరి చివర కట్టిన సున్నపు తొట్టి అది. దూడ తోళ్ళు అందులో నానేసి, బొచ్చు గీకి, ఎండబెట్టి ముప్పాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళ డప్పులన్నిటికీ ఆమే ఇస్తోంది. ఆమెకు మరో బతుకుతెరువు లేదు.

పుల్లయ్య వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె మెట్ల కిందే నిలబడింది. పైకి రమ్మని ఎవరూ అనలేదు, ఎప్పుడూ అనరు.

"కంపు తట్టుకోలేక చస్తన్నామే. ఊళ్ళో మనుషులు బతకాలా వద్దా?" అన్నాడాయన.

"తొట్టి యాడుందయ్యా, మీ ఇల్లు యాడుంది? ఈడిదాకా వచ్చిద్దా కంపు?"

"గాలి తిరిగితే వచ్చిద్ది. తోలు పని వద్దంటే వద్దు."

ఆయన కాళ్ళ దగ్గర బ్రూనో అనే పెంపుడు కుక్క, ముడి వేసిన తెల్లటి కర్రలాంటి దాన్ని తెగ నములుతోంది. పక్కనే నిలబడ్డ కోడలు ధరణి దాన్ని ఫోన్‌లో ఆర్డరు పెట్టి తెప్పించిందట. "ఒక్కటిస్తే మూడు గంటలు నములుద్ది. సోఫా జోలికే పోదు," అని మురిసిపోతూ చెప్పింది. బోడి మురిపెం! ఒకరి పొట్ట కొడుతూ కుక్క ముచ్చట్లు చెప్పేవాళ్ళను ఏమనాలి?

ఇంతలో ముక్క కుక్క గొంతుకు అడ్డం పడింది. అది మెడ చాచి, కళ్ళు తేలేసి గిలగిల్లాడింది. ధరణి కేకలు పెట్టింది. పుల్లయ్య లేచాడు గానీ దాని నోట్లో చెయ్యి పెట్టే ధైర్యం ఆయనకు లేదు. ఫిలోమినా గబగబా మెట్లెక్కి, దవడలు విడదీసి, వేళ్ళు లోపలికి దించి ముక్కను లాగేసింది. కుక్క దగ్గి ఊపిరి పీల్చుకుంది.

ఆ ముక్క ఉబ్బి, జిగటగా ఉంది. బొటనవేలితో రుద్దగానే పొర విడింది. ముప్పై ఏళ్ళుగా ఆ వేలికి తెలిసిన పొర అది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేందో తెలుసా అయ్యా? గేదె తోలు. సున్నంలో నానేసి, గీకి, ఎండేసి చుట్టారు. నా తొట్టిలో జరిగేదీ ఇదే."

లోపలి నుంచి వచ్చిన పుల్లయ్య భార్య శేషారత్నం గుండెలు బాదుకుంది. "ఆ పాకెట్టు నా వంటింట్లో, పచ్చడి జాడీల పక్కన పెట్టానే!"

పుల్లయ్య గొంతు తగ్గించాడు. "ఊళ్ళో అనబాక. ఓ పని చెయ్యి. ఇట్టాంటివి మా బ్రూనోకి నువ్వే చేసి పెట్టు. తొట్టి ఉండనిస్తా."

బతిమాలడానికి వచ్చిన మనిషికి ఆ మాటతో భయమంతా పోయింది.

"మా డప్పుకైతే కంపు, నీ కుక్కకైతే కమ్మగుందా? పంపించు మిషన్ని. తొట్టి గట్టు మీదే కూర్చుంటా. ఇది చేత్తో పట్టుకుని, వచ్చినోళ్ళందరికీ మీ వంటింటి సంగతి చెబుతా."

ముక్కను పిడికిట్లో బిగించి మెట్లు దిగింది.

"ఫిలోమినమ్మా, ఆగు," అని వెనక నుంచి పిలిచాడు పుల్లయ్య. ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ పేరు రావడం అదే మొదలు. ఆమె ఆగలేదు.

పదయింది, పదకొండయింది. జేసీబీ రాలేదు. ఫిలోమినా గట్టు మీదే కూర్చుని ఉంది. పిడికిట్లోని ముక్క మళ్ళీ ఎండి గట్టిపడింది.